తగిలితే చాలు!

టీవీ రిమోట్ మొరాయిస్తే మనమేం చేస్తాం? దాన్ని అరచేతిలో రెండుసార్లు కొడతాం. ఆ తర్వాత బటన్‌ను మరింత గట్టిగా నొక్కుతాం. నిజానికి దానికి మన బలంతో పనిలేదు. బటన్ కింద రబ్బరు గుబ్బ, దాని అడుగున కార్బన్ కలిసిన నల్లటి బిళ్ల ఉంటాయి. సర్క్యూట్ బోర్డు మీద ఒకదానికొకటి తగలని రెండు గీతలు ఉంటాయి. నొక్కగానే బిళ్ల ఆ రెంటినీ కలుపుతుంది, కరెంటు పారుతుంది. వేలు తీస్తే ఆగిపోతుంది. పిల్లల వీడియోగేమ్ కంట్రోలర్‌లోనూ అంతే.

ఈ చిన్న సంగతికి ఎంత విలువుందో నాకు బీచుపల్లిలో తెలిసింది. పక్షవాతం వచ్చాక మా పెద్దనాయన కుడిచేత్తో మంచినీళ్ల గ్లాసైనా పట్టుకోలేరు. ఆంజనేయస్వామి గుడికి తప్ప గడప దాటరు. వేసవి సెలవులకొచ్చిన మనవడు టీవీకి పాతకాలపు గేమ్ తగిలించి, కంట్రోలర్ ఆయన ఒళ్లో పెట్టాడు.

"ఈ చెయ్యితోని ఏమైతది బిడ్డా?" అన్నారాయన.

నేను కంట్రోలర్ విప్పి చూపించాను. లోపల ఎనిమిదే స్విచ్‌లు. 1983లో నింటెండో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్ పద్ధతే ఇది. గేమ్ పెట్టె సెకనుకు యాభై అరవైసార్లు 'ఏవి నొక్కి ఉన్నాయి?' అని అడుగుతుంది. చిన్న చిప్ ఒకటి ఎనిమిది జవాబులనూ ఒకే తీగ మీద వరసగా పంపుతుంది. నొక్కారా, లేదా? అంతే. ఎంత బలంగా అన్న ప్రశ్నే లేదు.

దిక్కులకు ఎడమచెయ్యి, గెంతడానికి కుడి బొటనవేలు. మూడో ప్రయత్నంలో బొమ్మ గుంట దాటింది. మనవడి కేకకు పక్కింటివాళ్లు తొంగిచూశారు!

ఇప్పటి కంట్రోలర్లలో అటూ ఇటూ వంచే జాయ్‌స్టిక్ తీరు వేరు. చాలావాటిలో అది పాత రేడియో వాల్యూమ్ తిప్పినట్టే: ఎంత వంచితే అంత వోల్టేజీ. వణికే చేతికి అది కష్టం, ప్రతి వణుకూ లెక్కలోకొస్తుంది. లోపలి పూత అరిగితే ముట్టుకోకుండానే బొమ్మ నడిచిపోతుంది కూడా.

2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు రెండు పెద్ద బటన్లు, వెనకాల విడి స్విచ్‌లు తగిలించుకునే రంధ్రాలు ఉన్నాయి. మోచెయ్యి, పాదం, గడ్డం... ఏది కదిలితే దానితో ఆడొచ్చు. ఇంట్లో ఎవరికైనా చెయ్యి పడిపోతే, ఆట మానమనే ముందు ఒక్కటి చూడండి. ఆ రెండు గీతలను కలిపేపాటి కదలిక ఇంకా ఎక్కడో ఉండే ఉంటుంది.