పాకకు తాళం వేసే రోజు

కైకలూరు చుట్టుపక్కల చేపల చెరువులున్న వారికి గట్టుమీద ఒక పాక ఉండడం మామూలే. సెలవులకు పిల్లాపాపలతో వెళ్లి రెండు రోజులు ఉండి వస్తారు. తొలకరి పడకముందే ఒక ఆదివారం అందరూ వెళ్లి, సామాను సర్ది, పాకకు తాళం వేసి, తిరుగుదారిలో ఊళ్లోని పాతకాలపు కాఫీ హోటల్లో టిఫిను చేసి ఇల్లు చేరడం కొన్ని కుటుంబాలకు పండుగతో సమానం. ఆ ప్రయాణంలో పాటించవలసిన జాగ్రత్తలు ఈ వారం చెప్పుకుందాం.

తొలకరికి ముందే ఎందుకు? కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరు ఇక్కడ నిండి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద కూడా చివరికి ఇక్కడికే చేరింది. పెద్ద వరదల్లో ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి నీరు వస్తుంది. అటువంటప్పుడు పాకలో ఎవరికైనా ప్రమాదం జరిగితే ఆసుపత్రికి దారే ఉండదు.

తాళం వేసినంత మాత్రాన పాక ఖాళీగా ఉంటుందనుకోకండి. ఒక ఏడాది మేము చేపల మేతకు తెచ్చిన తవుడు సగం బస్తా మూల వదిలేసి, పరుపు చుట్టి పక్కన పెట్టి వచ్చాం. కార్తీకంలో వెళ్లి పరుపు విప్పితే అందులో కట్లపాము! మా చిన్నమ్మాయి అప్పుడే దానిమీద కూర్చోబోతోంది. తవుడు కోసం ఎలుకలు, ఎలుకల కోసం పాము చేరాయి. తప్పు పాముది కాదు, మాదే.

కాబట్టి బియ్యం, తవుడు, చెక్క గింజ మిగలకుండా ఇంటికి తెచ్చుకోండి. పరుపులు, చాపలు కూడా తెచ్చేయండి. కుండలు, తొట్లు ఒంపేసి లోపలి అంచులను పీచుతో తోమి బోర్లించండి. డెంగ్యూ దోమ గుడ్లు ఆ అంచులకే అంటుకుని, నీరు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. చెరువు మందులను కూల్‌డ్రింకు సీసాల్లో ఎన్నడూ పోయకండి. దాహంతో వచ్చిన పిల్లవాడికి ఆ తేడా తెలియదు.

ఎలుకలు తిరిగిన చోట పొడిచీపురుతో ఊడవకండి. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు చల్లి, కాసేపాగి తుడవండి. చేతికీ కాలికీ రబ్బరు తొడుగులు ఉండాలి. ఎలుక మూత్రం కలిసిన తడి చర్మం మీది గాట్లకు తగిలితే ఎలుకజ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. తరువాత నెలరోజుల లోపు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ల ఎరుపు కనిపిస్తే డాక్టరుగారికి పాక సంగతి కూడా చెప్పండి.

కట్లపాము సాధారణంగా రాత్రివేళ నేలమీద పడుకున్నవారిని కాటు వేస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండవు. గాటు కనిపించకపోవచ్చు కూడా. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అనుమానించాలి. గాటు కోయడం, బిగించి తాడు కట్టడం, మంత్రం కోసం తిరగడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, 108కి ఫోను చేసి, విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చండి. పాకలో పడుకునే రోజుల్లో మంచం, అంచులు దోపిన దోమతెర తప్పనిసరి.

ఇక హోటలు. రాతి పలకల బల్లలు, స్టీలు గ్లాసులో నురగ కాఫీ, పెనం మీంచి దిగిన పెసరట్టు, అందులో ఉప్మా! పొద్దుటి నుంచి పిల్లలకు ధ్యాసంతా దానిమీదే. పెద్దలు కూడా "అక్కడికెళ్లి తిందాంలే" అంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. మధుమేహం ఉన్న తాతగారు ఉదయం మాత్ర వేసుకుని, పని తెమలక పదకొండింటి దాకా ఏమీ తినకపోతే చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంది. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి, తరువాత టిఫిను పెట్టండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అందుకే నాలుగు ఇడ్లీలు ఇంటి దగ్గరే మూట కట్టుకోండి. పాకలో తిండి మిగల్చకూడదు, మనిషికి తిండి వాయిదా వేయకూడదు.

హోటల్లో కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. పొగలు కక్కే పదార్థాలే తినండి. పొద్దున రుబ్బి పెట్టిన కొబ్బరి పచ్చడి మధ్యాహ్నానికి పిల్లల కడుపుకు మంచిది కాదు. కాచిన నీళ్లు వెంట ఉంచుకోండి.

మళ్లీ చలికాలంలో, ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టే వేళకు, తాళం తీద్దురుగాని. ముందు తలుపులు బార్లా తెరిచి, చేతికర్రతో మూలలు తట్టి, పిల్లలను ఆ తరువాతే లోపలికి పంపండి. క్షేమంగా వెళ్లి లాభంగా రండి.