అమ్మీ గొంతులో ఉమేరా

మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, చదివేది తెలుగు. ఖురాన్ తిలావత్ వచ్చుగానీ, జేర్ జబర్ లేని ఉర్దూ పేజీ చూస్తే నాకు బేజారు. అందుకే ఉమేరా అహ్మద్ నవలలన్నీ అమ్మీ చదివి వినిపిస్తేనే విన్నాను.

ముందు ఏది చదవాలని బాజీలు అడుగుతుంటారు. అందరూ చెప్పేది 'పీరే కామిల్'. నేను మాత్రం 'జిందగీ గుల్జార్ హై' అంటాను. 2012లో సీరియల్‌గా వచ్చింది. ఫవాద్ ఖాన్ కోసం చూసినవాళ్లే ఎక్కువ లెండి! నవల మాత్రం కషఫ్, జారూన్‌ల డైరీల్లో నడుస్తుంది. ముగ్గురూ ఆడపిల్లలేనని కషఫ్ అబ్బా రెండో నికాహ్ చేసుకుంటాడు. అక్కడ అమ్మీ గొంతు ఆగిపోయింది. మేమూ ముగ్గురం అక్కచెల్లెళ్లమే. మా అబ్బా అలా చేయలేదు. కానీ దాదీ ఆ మాట ఎన్నిసార్లు ఎత్తిందో నాకు ఆ రోజే తెలిసింది.

'మేరీ జాత్ జర్రా ఎ బేనిషాన్' దిల్ గట్టిగా ఉన్నప్పుడే చదవండి. బేగునాహ్ సబా మీద ఖురాన్ సాక్షిగా ఝూటీ కసమ్! తౌబా. ఉమేరా మీద నా షికాయత్ కూడా ఇదే, సబర్ అంతా ఆడదాని నెత్తినే పెడుతుంది.

ఇప్పుడు అమ్మీకి కళ్లలో మోతియా. చదివే వంతు నాది. 'పీరే కామిల్' మొదలుపెట్టాం, రోజుకు ఒకటే పేజీ. 'ఇస్', 'ఉస్' రెండూ ఒకేలా రాస్తారు కదా, ఎవరి మాట ఎవరిదో తారుమారు చేసేస్తుంటాను.

"ఇస్ కాదు బేటా, ఉస్" అంటుంది అమ్మీ, కళ్లు మూసుకునే.