లేపాక్షిలో నిండు చట్రం

లేపాక్షి చూడబోయేవారు కాళ్ళ సంగతి ఆలోచించనక్కరలేదు. మెడ సంగతి ఆలోచించుకోవాలి. హిందూపురంలో బస్సో ఆటోనో ఎక్కి పదిహేను కిలోమీటర్లు కూర్చుంటే ఊరు వచ్చేస్తుంది. కూర్మశైలమని పెద్ద పేరేగాని అది నిజంగా తాబేటి వీపులాంటి గుట్ట. ఎక్కడానికి ఆయాసం లేదు. గుడిలోకి వెళ్ళి నాట్యమంటపంలో నిలబడ్డాక అసలు ప్రయాణం మొదలవుతుంది. అది పైకి సాగే ప్రయాణం. శివపార్వతుల పెళ్ళి, కిరాతార్జునుల తగాదా, ద్రౌపదీ స్వయంవరం, మనునీతి చోళుడి న్యాయం, అన్నీ కప్పుమీదనే జరుగుతున్నాయి. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 16వ శతాబ్దిలో, పెనుకొండలో అధికారం చేసిన విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఈ గుడి కట్టించారు. వారు కూడా పొడుగు కుళ్ళాయిలు పెట్టుకుని, పరివారంతో సహా, కప్పుమీదనే ఉన్నారు. కట్టించినవారిని కూడా మనం తలెత్తే చూడాలి. న్యాయమే గదా!

నేను కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. శ్రీనాథుడి హరవిలాసంలో కిరాతార్జునీయం వచ్చినప్పుడల్లా నాకు లేపాక్షి గుర్తొస్తుంది. తపస్సు చేస్తున్న అర్జునుడిమీదికి పంది రావడం, అతడూ కిరాత వేషంలోని శివుడూ ఒకేసారి బాణం వేయడం, “నాదంటే నాది” అని తగవులాడుకోవడం, ఇవన్నీ నోటితో ఎంత చెప్పినా పిల్లల ముఖాల్లో ఏదో వెలితి. ఆ కాలపు చీరకట్టు ఎలా ఉండేది, ఎరుకత జడ ఎలా వేసుకునేది అని అడుగుతారు. బొమ్మ చూపిస్తే సగం పాఠం అదే చెబుతుంది. అందులోనూ ఆ రంగులు శాశ్వతం కావు. కొన్నిచోట్ల సున్నపు పూత రాలిపోయింది; కొన్నిచోట్ల మనిషి పోయి అంచు మిగిలింది. ఉన్నంతవరకైనా ఆ కథను మొత్తంగా ఒక్క బొమ్మలో పట్టి, మా శాఖ గోడమీద పెట్టాలని నా కోరిక.

ఇక్కడే చిక్కు వచ్చింది. గోపురం ఫోటో తీయాలంటే, చట్రంలో పట్టకపోతే నాలుగడుగులు వెనక్కి వేస్తాం. ఇంకా పట్టకపోతే వీధిలోకి పోతాం. కప్పు విషయంలో ఆ వెసులుబాటు లేదు. వెనక్కి వేయడమంటే నేలలోకి దిగడమే. కెమెరాను నేలమీద పెట్టినా కప్పుకూ దానికీ మధ్య ఉన్న దూరం విరూపణ్ణగారు నిర్ణయించినదే, మనం మార్చలేం. మార్చగలిగిందల్లా కెమెరాలోని చట్రాన్ని.

చట్రమంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. లెన్సులోంచి వచ్చిన బొమ్మ ఒక చిన్న పలకమీద పడుతుంది. దాన్ని సెన్సార్ అంటారు. పూర్వం అక్కడ ఫిల్ము ఉండేది. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఆయన, సినిమా ఫిల్ములోని రెండు గళ్ళు కలిపి ఒక గడిగా వాడుకుని చిన్న కెమెరా తయారుచేశాడు. అదే 1925లో లైకా పేరుతో బజారుకు వచ్చింది. దాని గడి వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. తరవాత ప్రపంచమంతా అదే కొలతకు లెన్సులు చేసింది. డిజిటల్ రోజులు వచ్చేసరికి అంత పెద్ద సెన్సారు చేయడం చాలా ఖరీదైన పని. అందుకని కంపెనీలు అందరికీ అందే కెమెరాల్లో చిన్న పలక పెట్టాయి. నా దగ్గర ఉన్న నికాన్ డీ5300లో పలక 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.6 ఎత్తు. దీన్నే క్రాప్ సెన్సార్ అంటారు. లెన్సు తన మానాన తాను పెద్ద బొమ్మనే తెస్తుంది; చిన్న పలక దాని నడిమి భాగాన్ని మాత్రమే అందుకుంటుంది. పెద్ద విస్తరి వేయవలసినచోట చిన్న ఆకు వేసినట్టు, వడ్డించినదాంట్లో కొంత నేలపాలు.

లెక్క వేసి చూద్దాం. కెమెరాకూ కప్పుకూ మధ్య పది అడుగులున్నదనుకోండి. 24 మిల్లీమీటర్ల లెన్సు పెడితే నిండు చట్రంలో, అంటే ఫుల్ ఫ్రేమ్‌లో, 15 అడుగుల పొడుగు, 10 అడుగుల వెడల్పున్న కప్పు పడుతుంది. అదే లెన్సును నా చిన్న పలకకు తగిలిస్తే పడేది సుమారు 10 అడుగులు, ఆరున్నర అడుగులు. లేపాక్షి చిత్రాలు పట్టెలు పట్టెలుగా, కథ ఒక చివరనుంచి మరో చివరకు నడిచేటట్టు వేసినవి. అయిదు అడుగులు తెగితే కథలో ఒక పాత్ర తెగినట్టే. నా పాత బొమ్మల్లో పంది ఉన్నది, అర్జునుడు ఉన్నాడు. శివుడు పక్క ఫోటోలో ఉన్నాడు. తగాదా మాత్రం ఎందులోనూ లేదు.

“చిన్న పలకకు సరిపోయే విశాలమైన లెన్సులు దొరుకుతాయి గదా, అది కొనుక్కోరాదా?” అని తెలిసినవారు అడగవచ్చు. దొరుకుతాయి. కాని మా మేనమామ దగ్గరనుంచి నాకు రెండు లెన్సులు సంక్రమించాయి. ఆయనకు స్టూడియో ఉండేది. ఫిల్ము రోజుల్లో వాడిన నికాన్ లెన్సులు: ఒకటి 24, ఒకటి 50 మిల్లీమీటర్లది. అవి నిండు చట్రానికి పుట్టినవి. పైగా వాటిలో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు, కెమెరాలో ఉండాలి. డీ5300లో అది లేదు. అందుచేత వాటిని చేత్తో తిప్పుకుంటూ ఉండేవాణ్ణి. 2008లో వచ్చిన డీ700లో ఆ మోటారు ఉన్నది, నిండు చట్రమూ ఉన్నది. కొత్త విశాల లెన్సుకయ్యే డబ్బుకు కాస్త అటూ ఇటూగా, ఎవరో వాడి వదిలిన డీ700 వస్తుందని తెలిసింది. ఒకటి అమ్మితేగాని ఇంకొకటి కొనలేని జీతగాణ్ణి. 2013నాటి కెమెరా ఇచ్చి 2008నాటి కెమెరా తెచ్చుకున్నాను.

మా ఆవిడ రెండింటినీ చేతుల్లో తూచి చూసింది. “ఏమండీ, కొత్తదిచ్చి పాతది తెచ్చారు. బరువు మాత్రం రెండింతలు తెచ్చారు. దీన్ని లాభమంటారా?” అన్నది. కాదనడానికి లేదు. బ్యాటరీ లేకుండా పాతది 480 గ్రాములు, ఇది 995 గ్రాములు. పాతదానిలో 24 మెగాపిక్సెళ్ళు, దీనిలో 12. పాతది వీడియో తీసేది. దీనికి ఆ విద్య రాదు. పాతదానిలో వైఫై, జీపీఎస్ ఉండేవి. తానెక్కడున్నదో తనకే తెలిసిన కెమెరా అది. దీనికి కావలసిన కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు అడిగితే మా ఊరి దుకాణం కుర్రవాడు నన్ను జాలిగా చూశాడు. చేతిపట్టు దగ్గర రబ్బరు కొంచెం లేచింది. షట్టరును కంపెనీవారు లక్షా యాభైవేల సార్లు పరీక్షించారట గనక, ఇంతకుముందు ఎన్నిసార్లు నొక్కారో అడిగి మరీ కొన్నాను. ఎడ్లను కొనేవారు పళ్ళు చూస్తారు చూడండి, ఇదీ అంతే.

సరే, సంచి భుజాన వేసుకుని మళ్ళీ లేపాక్షి చేరాను. వెంట మా కాలేజీ చరిత్ర మాస్టారు కూడా వచ్చారు. ఉదయం పూట మంటపంలో ఎండ నేరుగా పడదు. ప్రాకారంలో పరిచిన రాతిమీద పడి, ఎగసి, కప్పును మెల్లిగా తాకుతుంది. ఆ కాస్త వెలుగులోనే పని జరగాలి. ఫ్లాష్ వేయకూడదు. మూడుకాళ్ళ స్టాండు పెట్టాలంటే పురావస్తు శాఖవారి అనుమతి కావాలి. ఇలాంటి చోట పెద్ద పలక అక్కరకు వస్తుంది. దాని వైశాల్యం చిన్నదానికి రెండింతలకు పైగా ఉంటుంది. అదే లెన్సు, అంతే సేపు తెరిచినా మొత్తంమీద ఎక్కువ వెలుతురు పోగవుతుంది. చీకటి మూలల్లో ఇసుక చల్లినట్టు కనిపించే మచ్చలు తగ్గుతాయి. కాకపోతే చిన్న పలకలో అయిదేళ్ళ తరవాతి విద్య ఉన్నది గనక, ఈ లాభంలో కొంత వడ్డీ కింద పోతుంది. అది ఒప్పుకోవాలి.

కెమెరా కంటికి ఆనించాను. కిటికీ తలుపు ఇంకొకటి తెరిచినట్టయింది. పంది, అర్జునుడు, ఎరుకలవాడుగా శివుడు, పక్కన పార్వతి, అందరూ ఒక్కచోట! ఇద్దరి చూపులూ పందిమీదుగా ఒకరినొకరు తాకుతున్నాయి. చిత్రకారుడు కథను ఎక్కడ పెట్టాడో అప్పుడు తెలిసింది. బాణంలోనూ లేదు, పందిలోనూ లేదు. ఇద్దరిమధ్య వదిలిన ఆ ఖాళీలో ఉన్నది. ముక్కలు ముక్కలుగా తీసినప్పుడు నాకు అది వట్టి ఎర్రరంగు. మొత్తంగా చూస్తే అదే కథకు ఊపిరి. చట్రం పెద్దదైనందువల్ల బొమ్మ అందంగా వస్తుందని నేను చెప్పబోవడం లేదు. వేసినవాడు ఎంత మేర చూసి వేశాడో అంత మేర మనమూ చూడగలిగితే, అతడి మాట మనకు తెగకుండా వినబడుతుంది. పద్యంలో పాదం విరిచి అర్థం చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

మెడ సంగతి మొదటే చెప్పాను. డీ5300 వెనక తెరను ఎటు కావలిస్తే అటు తిప్పుకోవచ్చు. కెమెరాను నేలమీద వెల్లకిలా పెట్టి, తెరలో కిందికి చూస్తూ పైనున్నదాన్ని కొట్టేవాణ్ణి. అచ్చం మత్స్యయంత్రం ముందు అర్జునుడిలాగే. డీ700 తెర కదలదు. తలెత్తి, కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. గంటసేపటికి మెడ పట్టేసింది. ద్రౌపది కప్పుమీదనుంచి నన్ను చూసి నవ్వుకున్నది కాబోలు.

మధ్యాహ్నం నంది దగ్గరికి నడిచాం. గుడికి కొద్ది దూరంలో ఏకశిలను చెక్కిన నంది అది; పొడవు 27 అడుగులు, ఎత్తు 15. మామయ్య 50 మిల్లీమీటర్ల లెన్సుతో దాని పక్కవాటు బొమ్మ మొత్తం పట్టాలంటే చిన్న చట్రానికి 57 అడుగుల దూరం వెళ్ళాలి. నిండు చట్రానికి 37 చాలు. ఆ ఇరవై అడుగుల దగ్గరితనమే బొమ్మను మారుస్తుంది. దూరంనుంచి నంది తీరుగా కూర్చున్న బండ. దగ్గరికి వస్తే మెడలో గంటలు, ఎత్తిన మోర, లేవబోతున్నదా అనిపించే బరువు. ఇది పలక చేసిన మాయ కాదు. నన్ను దగ్గరికి నడిపించింది అంతే. చూపు మారేది నిలబడ్డ చోటునుబట్టి. దూరాన చెట్టుమీది పిట్టను తీసేవారికి మాత్రం చిన్న పలకే చుట్టం. ఉన్న లెన్సుతోనే పిట్ట చట్రంలో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. వారు నా మాట విని కెమెరా మార్చుకోవద్దు.

ఇంతకూ నా డీ5300 ఏమయిందంటారా? చరిత్ర మాస్టారే కొన్నారు. ఆయనకు కథతో పనిలేదు. బట్టల నేత, నగల పనితనం కావాలి. లేపాక్షి స్త్రీల చీరల మీద గళ్ళు, చారలు, పూలు, హంసలు వరసలు తీరి ఉంటాయి. ఆయన ఒక్కొక్క అంచునూ 24 మెగాపిక్సెళ్ళతో ఒడిసిపడతారు. నా బొమ్మను అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చువేస్తే 14 అంగుళాల పొడవు వస్తుంది. ఆయనది 20 వస్తుంది. గోడకు నాది మరీ చిన్నదని ఆయన ఎత్తిపొడిస్తే, ఆయన బొమ్మలో మనుషులు లేరని నేను అంటాను. చివరకు మా శాఖ గోడమీద మధ్యన నా కిరాతార్జునీయం, చుట్టూ ఆయన అంచులు పెట్టాం. మధ్యబొమ్మలో అర్జునుడి కాలిదగ్గర పూత రాలిన చోటు తెల్లగా కనిపిస్తుంది. దాన్ని కంప్యూటరులో పూడ్చవద్దని ఇద్దరం ఒకే మాటమీదికి వచ్చాం. ఇవాళ కప్పు ఎలా ఉన్నదో అలాగే ఉండాలి. పదేళ్ళ తరవాత వచ్చే పిల్లలు ఈ బొమ్మా ఆ కప్పూ పక్కపక్కన చూసుకుని, ఇంకెంత పోయిందో కొలుచుకోవాలి.

2022లో లేపాక్షి యునెస్కోవారి తాత్కాలిక జాబితాకు ఎక్కింది. ఆ ఏడే అది శ్రీసత్యసాయి జిల్లాలో చేరింది. జాబితాలూ జిల్లాలూ మారుతుంటాయి; రంగు మాత్రం రాలేదే తప్ప తిరిగి వచ్చేది కాదు. మీరు వెళ్ళినప్పుడు ఏ కెమెరా ఉంటే అది పట్టుకెళ్ళండి. ఫోను అయినా ఫరవాలేదు. కాని నొక్కేముందు ఒక్కసారి దాన్ని పక్కన పెట్టి, స్తంభానికి ఆనుకుని, పట్టె ఈ చివరనుంచి ఆ చివరదాకా కథను తీరిగ్గా చదువుకోండి. మెడకు కాస్త నొప్పి తప్పదు. ఇంటికి వచ్చాక కాపడం పెట్టుకోవచ్చు.