నాయిన కంట్లో పాత ఖాతా

దసరాకి మేడ్చల్ నుంచి శామీర్‌పేటలో మేనత్త వాళ్లింటికి బండి మీద పోతున్నాం. చెరువు దగ్గర ఆపమన్నాడు నాయిన. "నీళ్ల మీద ఆ నల్ల దారాలేందిరా?" అన్నాడు. నీళ్ల మీద ఏమీ లేవు.

వారం తిరిగేసరికి కంటి డాక్టర్ ముందున్నాం. డయాబెటిక్ రెటినోపతి. రెటీనా మీద కొత్తగా పుట్టిన బలహీనమైన రక్తనాళాలు చిట్లి లోపల రక్తం కారింది. నాయినకు కనిపించిన దారాలు అవే.

ఆయన ఒక్కటే అడిగాడు. "రెండేండ్ల సంది షుగర్ కంట్రోల్‌లనే ఉంది గద సార్, మరి ఇప్పుడెందుకు?" నిజమే, హెచ్‌బీఏ1సీ 6.8. "పాత షుగర్ ప్రభావం" అన్నాడు డాక్టర్. బయట యాభై మంది క్యూలో ఉన్నారు, అంతకంటే చెప్పే టైమ్ లేదు. బగ్ దొరక్కపోతే నిద్ర పట్టని ఉద్యోగం నాది. ఆ రాత్రి కూర్చుని వెతికా.

దీన్ని మెటబాలిక్ మెమరీ అంటారు. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 దాకా 1,441 మంది టైప్ 1 పేషెంట్లతో డీసీసీటీ అనే స్టడీ జరిగింది. కొందరికి షుగర్ గట్టిగా కంట్రోల్ చేశారు, మిగతావాళ్లకు అప్పటి మామూలు ట్రీట్‌మెంట్. స్టడీ అయిపోయాక కొన్నేళ్లకు అందరి షుగర్ దాదాపు ఒకే లెవెల్‌కి వచ్చింది. అయినా మొదట్లో కంట్రోల్ లేనివాళ్ల కళ్లే ఏళ్ల తరబడి ఎక్కువగా పాడయ్యాయి.

ఎందుకో డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో రేణు కౌలూరు టీమ్ ఎలుకల్లో చూసింది. జీన్‌లో అక్షరాలు మారవు. వాటి మీద, వాటిని చుట్టుకున్న ప్రొటీన్ల మీద మిథైల్ లాంటి చిన్న రసాయన గుర్తులు మారతాయి. కోడ్ అదే, కొన్ని లైన్లు కామెంట్ అయిపోయాయన్నమాట. రెటీనాను కాపాడే ఎస్‌ఓడీ2 జీన్ పని తగ్గుతుంది, చేటు చేసే ఎంఎంపీ9 పని పెరుగుతుంది. తర్వాత షుగర్ తగ్గించినా ఆ మార్పులు వెనక్కి పోలేదు.

ఇదంతా చెప్తే, కిరాణా కొట్టు మనిషి కదా, "అంటే పాత ఉద్దెర ఖాతా. ఇప్పుడు నగదు ఇచ్చి కొన్నా పాతది కొట్టెయ్యరు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ ఖాతా పెరిగింది నేను ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్లలో. ఫీజు కట్టే నెలల్లో షుగర్ గోలీలు రోజు విడిచి రోజు వేసుకునేవాడట. అమ్మ ఇప్పుడు చెప్పింది.

ఆ గుర్తులు చెరిపే మందు లేదా అంటే, ఉంది, కంటికి కాదు. డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తుల్ని తగ్గించే అజాసైటిడిన్‌కి 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఎముక మజ్జ జబ్బు ఎండీఎస్‌కి. చిక్కేంటంటే, ఏ జీన్ మీద గుర్తు చెరపాలో దానికి తెలీదు. లైవ్ డేటాబేస్‌లో 'వేర్' కండిషన్ లేకుండా డిలీట్ కొట్టినట్టు. కంటి వరకు ఇదంతా ఇంకా ల్యాబుల్లోనే. నాయినకి ఇప్పుడున్నవి లేజర్, కంట్లో ఇంజెక్షన్, షుగర్ అదుపు.

పోయిన ఆదివారం తుర్కపల్లి వైపు పోతుంటే జీనోమ్ వ్యాలీ బిల్డింగులు చూసి, "వీటిల్ల నా కంటికి మందు తయారు చేస్తలేరా?" అన్నాడు.

"ఇక్కడ వ్యాక్సిన్లు ఎక్కువ నాయినా."

"సరే, వచ్చినప్పుడు జెప్పు. నువ్వైతే ఒకసారి షుగర్ టెస్టు చేయించుకో."

చేయించుకున్నా. 6.1, ప్రీడయాబెటిస్ అని ఉంది. ఆ రిపోర్ట్ ఫోన్లోనే ఉంది, ఆయనకింకా చూపించలేదు.