తొక్కలకో మిషనా!

పార్సిల్ విప్పేసరికి ఇంటిల్లిపాదీ చుట్టూ మూగారు. థర్మాకోల్ ముక్కల మధ్యనుంచి ఓ ఆకుపచ్చ డబ్బా బయటికొచ్చింది. పైన గరాటులాంటి మూతి, లోపల రెండు వరసల ఉక్కు పళ్లు, పక్కన తిప్పడానికో చేతిపిడి. కంపోస్టులో వేసే కూరగాయల తొక్కల్ని సన్నగా తరుగుతుందట. ఖరీదు 6 వేల రూపాయలు.

'ఇంక నువ్వు కత్తిపీట ముందు కూర్చోనక్కర్లేదమ్మా' అన్నాడు కొడుకు.

ఆవిడ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. 'వంకాయలు తరుగుతుందా?'

'కూరగాయలకి కాదు. తొక్కలకే.'

'తొక్కలకో మిషనా!' అని నవ్వేసింది.

కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు అది. ఆవిడది తెనాలి దగ్గర పల్లె. భర్త పోయాక పెరడున్న ఇంటికి తాళం వేసి కొడుకు దగ్గరికి వచ్చేసింది. మొదటి ఏడాదంతా ఏదీ అడగలేదు. వంటిల్లు కోడలిది, టీవీ మనవరాలిది. ఓరోజు తోటకూర కాడలు, అరటితొక్కలు కుక్కిన కవరు చెత్తబండికి ఇస్తుంటే మాత్రం ఉండబట్టలేకపోయింది. 'మట్టికి పోవాల్సిందిరా ఇది. లారీ ఎక్కించి ఎక్కడికి పంపుతున్నారు?' అనడిగింది. ఎక్కడికేముంది... ఊరవతల గుట్టకి! హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి పేరుకున్న జవహర్‌నగర్ డంపింగ్ యార్డు సంగతి పేపరు చదివేవాళ్లకి కొత్త కాదు. గాలి చొరబడని గుట్ట అడుగున తిండి పదార్థాలు కుళ్లితే మీథేన్ పుడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు ఘాటైన వాయువు.

మర్నాడే పాత పెయింటు బకెట్‌కి కన్నాలు పెట్టి బాల్కనీలో ఉంచారు. రోజూ తొక్కలు అందులో వేయడం ఆవిడ పని. ఊళ్లో పెంటకుప్ప చూసిన మనిషి కాబట్టి అదేమంత విద్య అనుకుంది. రెండు వారాలు తిరిగేసరికి బకెట్ దగ్గరికి వెళ్లాలంటే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. తెల్లటి పురుగులు గోడెక్కాయి. అడుగునుంచి కారిన గోధుమరంగు నీళ్లు కింది ఫ్లాటువాళ్లు ఆరేసుకున్న దుప్పటి మీద పడ్డాయి. అసోసియేషన్ మీటింగులో మాటా మాటా పెరిగింది. నెలరోజుల్లో వాసన ఆగకపోతే బకెట్ తీసేయాల్సిందేనన్నారు.

ముక్కలు పెద్దవిగా ఉండబట్టే కుళ్లుతున్నాయని ఎవరో చెప్పారు. అంతే... మధ్యాహ్నాలు ఆవిడ కత్తిపీట ముందేసుకుని తొక్కలు తరగడం మొదలుపెట్టింది. పదిరోజులకి మణికట్టు వాచింది. అత్తయ్యగారి అవస్థ చూసిన కోడలు తొక్కల్ని పాత మిక్సీ జారులో వేసి తిప్పింది. దోసెలపిండిలా జారుగా వచ్చింది. బకెట్‌లో పోసిన మూడోరోజుకి మురుగుకాల్వ వాసన! అప్పుడొచ్చింది ఈ మిషను.

ఇంతకీ ముక్కలు చిన్నవైతే మేలేనా? మేలే. బెల్లం అచ్చుకన్నా బెల్లంపొడి త్వరగా కరిగినట్టు, ముక్క చిన్నదైతే సూక్ష్మజీవులకి పనిచేసే చోటు ఎక్కువ దొరుకుతుంది. ఆ మాట నిజం కాబట్టే ఈ పరికరాలు అమ్ముడుపోతున్నాయి. కానీ ఆ సూక్ష్మజీవులకి గాలి కూడా కావాలి. కూరగాయల తొక్కల్లో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. వాటిని ముద్దచేసి బకెట్‌లో కూరితే సందులన్నీ మూసుకుపోతాయి. గాలి అక్కర్లేని బ్యాక్టీరియా అక్కడ పెత్తనం చేస్తుంది. ఆ కంపు దానిదే. మిక్సీ చేసిన పని అదన్నమాట.

బకెట్‌లో లేనిది సన్నదనం కాదు, ఎండు సరుకు. పల్లెలో పెంటకుప్ప మీద గడ్డీగాదం, ఎండుటాకులు, పేడ, బూడిద అన్నీ పడేవి. ఎవరూ కొలవకపోయినా తడీపొడీ సరిపోయేది. ఫ్లాటులో తడి ఒక్కటే ఉంది. కంపోస్టు సాఫీగా సాగాలంటే ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కార్బన్ ఉండాలంటారు శాస్త్రవేత్తలు. ఇంట్లో ఆ లెక్క వేసుకునే పన్లేదు. గుప్పెడు తొక్కలకి రెండు గుప్పిళ్లు ఎండుటాకులు వేస్తే చాలు. పిడికిట్లో తీసుకుని పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే తడి ఎక్కువైనట్టు. ఆకులు దొరక్కపోతే పాత న్యూస్‌పేపరు చింపి వేసినా ఫరవాలేదు (ఆదివారం అనుబంధం చదివాకే సుమా!).

అపార్ట్‌మెంట్ పార్కింగులో బాదంచెట్టు ఉంది. దాని ఆకుల్ని వాచ్‌మన్ రోజూ ఊడ్చి తగలబెట్టేవాడు. అడిగితే గోనెసంచి నిండా ఇచ్చాడు. ఈసారి కోడలు ఓ పరీక్ష పెట్టింది. రెండు బకెట్లు, రెండింట్లో అవే తొక్కలు, అంతే ఆకులు. ఒకదాంట్లో మిషన్లో తరిగినవి. రెండోదాంట్లో చేత్తో రెండు మూడు ముక్కలు చేసినవి. వారానికోసారి కలియబెట్టడం. రెండింట్లోనూ వాసన రాలేదు. పురుగుల జాడ లేదు. దాదాపు రెండు నెలలకి మిషను బకెట్ తయారైంది. రెండోది మరో పదిరోజులు తీసుకుంది. అంతే తేడా!

ఆ పదిరోజుల కోసం చేసిన చాకిరీ మాత్రం తక్కువేం కాదు. అరటితొక్కల నార పళ్లకి చుట్టుకుపోయేది. మొక్కజొన్న పీచు సంగతి చెప్పక్కర్లేదు. రెండు నిమిషాల తరుగుడుకి పావుగంట కడుగుడు, అర బకెట్ నీళ్లు. ఇక చేతిపిడి తిప్పడానికి కావాల్సింది మణికట్టే. ఎవరి చెయ్యి నొప్పెడుతోందని కొన్నారో ఆవిడ దాన్ని అర చుట్టు కూడా తిప్పలేకపోయింది!

చిత్రమేంటంటే నిజంగా నలగ్గొట్టాల్సినవి వేరే ఉన్నాయి. కొబ్బరిచిప్ప, పీచు, మామిడిటెంక, మొక్కజొన్న కండె, కరివేపాకు పుల్లలు... బకెట్‌లో నెలల తరబడి అలాగే కూర్చునేవి ఇవి. వీటిలో పుల్లలు తప్ప మిగతావాటిని చూస్తే ఇంటి మిషను మొరాయిస్తుంది. ఇది కొయ్యగలిగినవేమో కొయ్యకపోయినా కుళ్లేవే. ఇండోర్‌లో 1924 నుంచి 1931 దాకా పరిశోధనలు చేసి 'ఇండోర్ పద్ధతి' కంపోస్టుని ప్రచారంలోకి తెచ్చిన ఆల్బర్ట్ హోవార్డ్‌కి ఈ సంగతి బాగా తెలుసు. పత్తికట్టె, కందికట్టె లాంటి గట్టివాటిని ఆయన బండ్లు నడిచే దారిలో పరిపించేవాడు. బండిచక్రాల కింద, ఎడ్ల గిట్టల కింద నలిగాకే అవి పశువుల కిందికి, అక్కణ్నుంచి కుప్పలోకి చేరేవి. మిషను ఖర్చు లేదు, కడిగే బాధా లేదు.

కరెంటుతో నడిచే డబ్బాల కథ మరొకటి. 'రాత్రికి రాత్రే ఎరువు' అంటారు. చాలావాటిలో జరిగేది తొక్కల్ని వేడిచేసి, ఎండబెట్టి, పొడిచేయడం. పొద్దున్నే తీసి చూస్తే గుప్పెడు పొడి. అది ఎరువు కాదు, ఎండిన తొక్కలపొడి. తడి తగిలితే మళ్లీ బూజుపట్టి కుళ్లుతుంది. మట్టిలో కలిపి కొన్ని వారాలు ఆగాల్సిందే. ఒక విడతకి సుమారు ఒక యూనిట్ కరెంటు అదనం. బాల్కనీ కూడా లేని ఇంట్లో, చెత్త బరువు తగ్గితే చాలనుకునేవాళ్లకి పనికొస్తుందేమో గానీ ఎరువు కోసమైతే అంత సొమ్ము పోయడం దండగే. కొనాల్సినవాళ్లు ఎవరయ్యా అంటే పెద్ద అపార్ట్‌మెంట్లు. ఐదువేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడిచెత్తని వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగా మార్చాలని 2016 నిబంధనలు చెప్పాయి. వందలిళ్ల చెత్త, చెట్లు కొట్టిన కొమ్మలు, గుట్టలకొద్దీ ఆకులు ఉన్నచోట మోటారు షెడ్డరు పెట్టిన ఖర్చుకి న్యాయం చేస్తుంది.

కొడుక్కి ఇవన్నీ తెలిసేలోపు మిషను మూడువారాలు నడిచింది. సాయంత్రం ఆఫీసునుంచి రాగానే గబగబా తిప్పి, కడిగి, బకెట్‌లో వేసేవాడు. ఆవిడకి మధ్యాహ్నాలు ఖాళీ. టీవీ ముందు కూర్చుని నిద్రపోయేది. ఎవరూ గమనించలేదు. ఐదో తరగతి చదివే మనవరాలే ఓరోజు 'నానమ్మా, బకెట్ పని ఇప్పుడు నాన్నదా?' అనడిగింది. ఆవిడేం మాట్లాడలేదు. విన్నది కోడలు.

రెండు బకెట్ల పరీక్ష ఆ తరవాతే మొదలైంది.

ఇప్పుడు స్కూలునుంచి రాగానే మనవరాలు, నానమ్మ బాల్కనీలో కూర్చుని అరటితొక్కలు చింపుతారు. కత్తిపీట వంటింటికి వెళ్లిపోయింది. కోడిగుడ్డు పెంకులు మాత్రం ఎండబెట్టి మిక్సీలో పొడి కొడతారు. పొడిదే కాబట్టి పేచీ లేదు. మొదటి బకెట్ ఎరువులో సగం కరివేపాకు కుండీకి పోయగా, మిగిలింది కవర్లో పోసి కింది ఫ్లాటుకి పట్టుకెళ్లింది ఆవిడ. దుప్పటి గొడవయ్యాక ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. ఆ ఇంటావిడ వాసన చూసి, వానపడ్డ మట్టిలా ఉందే అని తులసికోటలో వేసుకుంది.

మిషను కడిగి, ఆరబెట్టి, పెట్టెలో సర్దాడు కొడుకు. సగం ధరకైనా ఎవరికైనా అమ్మేద్దామా అన్నాడు.

'ఉంచరా. మామిడిపళ్ల రోజులొస్తున్నాయిగా, టెంకలు వేసి చూద్దాం' అంది ఆవిడ.

టెంకలు దానికి లొంగవని ఆవిడకి తెలుసు.