స్టీరింగ్ కాస్త వంగితే

వదినా, గరాజులో ఆ చప్పుడు మాదే. పొద్దున్నే మీకు నిద్రాభంగం అయిందేమో! మా పాత ఫోర్డు మస్టాంగ్ కారు ఉంది కదా, 1965ది, దానికి స్టీరింగ్ కాలమ్, అంటే చక్రాన్ని పట్టి ఉంచే గొట్టం, మారుస్తున్నాం. అయ్యో, పాడైపోయి కాదు. అది నిక్షేపంగా ఉంది. దాని ముందు కూర్చోలేకపోతున్నది నేను.

మీకు తెలుసుగా, నా కుడి భుజం పట్టేసి చెయ్యి పూర్తిగా పైకి లేవడం లేదు. ఆ కారులోనేమో స్టీరింగ్ ఎక్కడ బిగించారో అక్కడే. కిందికి రాదు, పైకి పోదు. సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుందంతే, వాలదు. నాలాంటి పొట్టివాళ్లు పెడల్స్ అందాలని ముందుకు జరిగితే చక్రం వచ్చి గుండెలకి ఆనుతుంది. మా ఆయన ఎక్కితే తొడలకి రాసుకుంటుంది. పైగా పవర్ స్టీరింగ్ లేదాయె. ఆదివారం గుడి దగ్గర పార్కింగు ఇరుకులో తిప్పాలంటే చేతులు భుజాల ఎత్తుకి లేపి బలంగా లాగాలి. ఇంటికొచ్చాక ఐసు ముక్కలు పెట్టుకుని పడుకోవడమే.

అమ్మేయమన్న వాళ్లు ఉన్నారు. కవరు కప్పి ఉంచుకోండి, విలువ పెరుగుతుందన్న వాళ్లూ ఉన్నారు. నాకు రెండూ ఇష్టం లేవు వదినా. నడపని కారుకి రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో గ్యాస్ పాడవుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది. అన్నిటికీ మించి, నడపడం కోసమే కదా ఆ కారుని ఇష్టపడింది! నా ఒళ్లు మారింది, దానికి తగ్గట్టు కారు కొంచెం మారాలి. అందులో తప్పేముంది?

అన్నయ్యగారు మొన్న మెయిల్ బాక్సు దగ్గర కనిపించి, ‘ఒరిజినాలిటీ పోతుందమ్మా’ అని చాలా బాధపడ్డారు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. కానీ స్టీరింగ్‌ని మనకి అనువుగా జరుపుకునే సౌకర్యం ఆ కాలంలో లేక కాదండీ. 1961లోనే ఫోర్డు వాళ్ల థండర్‌బర్డ్‌కి పక్కకి జరిగే స్టీరింగ్ వచ్చింది. బండి పార్కులో ఉంటే చక్రం కుడివైపుకి జరిగిపోయేది, మనిషి హాయిగా ఎక్కి దిగడానికి. 1963కల్లా జనరల్ మోటార్స్ వాళ్ల సాగినా విభాగం కిందికీ మీదికీ వంగే టిల్ట్ స్టీరింగ్ తెచ్చింది. సాగినా అంటే మిషిగన్‌లో ఊరు. మస్టాంగ్‌కి కూడా 1967లో డబ్బు కట్టి తీసుకునే ఆప్షన్‌గా ఇచ్చారు. మాది రెండేళ్ల ముందు తయారైంది, అంతే తేడా.

అసలు నన్ను ఎక్కువ భయపెట్టిన సంగతి వేరే ఉంది. ఆ స్టీరింగ్ కింద ఏముందో తెలుసా? ఇంజన్ పక్కనున్న స్టీరింగ్ బాక్సు నుంచి మన ఛాతీ ఎదుట దాకా ఒకటే కడ్డీ, రోకలిలా. ముందు నుంచి ఏదైనా గట్టిగా గుద్దితే బాక్సు వెనక్కి వస్తుంది, దాంతో పాటు ఈ కడ్డీ కూడా. మనకా నడుం బెల్టు తప్ప భుజం మీదుగా వచ్చేది లేదు. గుద్దుకున్నప్పుడు లోపలికి ముడుచుకుపోయే కాలమ్‌లు జనరల్ మోటార్స్ కార్లలో 1967 మోడళ్ల నుంచి వచ్చాయి. 1968 జనవరి 1 నుంచి అమెరికా ప్రభుత్వమే, స్టీరింగ్ వల్ల డ్రైవరుకి దెబ్బ తగ్గాలని కొత్త కార్లన్నిటికీ రూలు పెట్టింది. కాబట్టి ఎలాగూ విప్పుతున్నాం కదా అని ముడుచుకునే రకమే ఏరి కొన్నాను. టిల్ట్ అని రాసి ఉన్నంత మాత్రాన ముడుచుకుంటుందని అనుకోకూడదు వదినా, అది విడిగా అడిగి తెలుసుకోవాలి.

టిల్ట్ ఎలా పనిచేస్తుందంటారా? చాలా తెలివైన ఏర్పాటు. చక్రానికి కొద్దిగా కింద కాలమ్‌లో ఒక కీలు ఉంటుంది. కీలు దగ్గర పళ్లు, వాటిలో పడి పట్టుకునే కొక్కేలు. ఇండికేటర్ కిందున్న చిన్న లివర్ లాగితే కొక్కెం వదులుతుంది, లోపలి స్ప్రింగు చక్రాన్ని పైకి నెడుతుంది. మనకి కావలసిన చోట లివర్ వదిలితే పట్టేసుకుంటుంది. కాలమ్ మిగతా భాగం కదలదు. దిగేటప్పుడు పైకి లేపేస్తే కాళ్లు సులువుగా బయటికొస్తాయి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి అదొక్కటే చాలు. కారు నడుస్తున్నప్పుడు మాత్రం లివర్ ముట్టుకోకూడదు.

ఎంచుకోవడమే పెద్ద పని అయింది. ఈ పాత కార్ల కోసమే కాలమ్‌లు చేసే కంపెనీలున్నాయి, మిషిగన్‌లో టెకమ్సే అనే ఊళ్లో ఐడిడిట్ ఒకటి, ఒహాయోలో ఫ్లేమింగ్ రివర్ ఒకటి. ఫోన్ చేస్తే ముందు అడిగేది, తాళం ఎక్కడుంది, గేరు ఎక్కడుంది అని. మా కారుకి తాళం డ్యాష్‌బోర్డు మీద, గేరు కింద. అందుకని రెండూ లేని కాలమ్ తీసుకున్నాం. అన్నయ్యగారి బెంగ కూడా ఇక్కడే తీర్చాలి. 1965 మస్టాంగ్‌లో ఆ పొడుగు కడ్డీ బాక్సులోంచే వస్తుంది, విడిగా ఊడి రాదు. చాలామంది దాన్ని మధ్యలో కోసి, కొసని అరగదీసి కొత్త కాలమ్ తగిలిస్తారు. కోస్తే మళ్లీ అతకడం కుదరదు. స్టీరింగ్ కడ్డీకి వెల్డింగు పెట్టి రోడ్డు మీదికి రావడం నేను ఒప్పుకోను. మేం పొట్టి కడ్డీ, అంటే షాఫ్టు, ఉన్న వేరే బాక్సు కొన్నాం. ఖర్చు పెరిగింది, నిజమే. కానీ పాత బాక్సు, పాత కాలమ్ రెండూ చెక్కుచెదరకుండా గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాం. రేపెవరైనా పాత రూపే కావాలంటే తిరిగి పెట్టుకోవచ్చు.

కాలమ్‌కీ బాక్సుకీ మధ్య జాయింటు దగ్గర మా ఆయన ఎంత జాగ్రత్తపడ్డారో! ఒక్క జాయింటుని 35 డిగ్రీలు దాటి వంచితే పట్టేస్తుంది. రెండు జాయింట్లు పెడితే మధ్య షాఫ్టు రెండు చివర్లా ఉన్న చీలికలు ఒకే వరసలో ఉండాలి. లేకపోతే చక్రం ఒక్కో చుట్టులో ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా తిరుగుతుంది. షాఫ్టు మీద చిన్న గుంట చేసి, స్క్రూ మొన అందులో కూర్చునేలా బిగించి, వదులవకుండా మందు రాసి, పైన ఇంకో నట్టు వెయ్యాలి. ఇక్కడ తొందరపడటానికి లేదు.

వైర్లు నా వంతు. పాత మస్టాంగ్‌లో బ్రేకు లైటుకీ వెనక ఇండికేటరుకీ బల్బు ఒకటే. బ్రేకు కరెంటు ఇండికేటర్ స్విచ్ గుండా పోతుంది. రంగులు తారుమారైతే ఇండికేటర్ మాత్రమే కాదు, బ్రేకు లైటు కూడా వెలగదు. వెనకొచ్చేవాడికి మనం ఆగుతున్నట్టే తెలియదు. అందుకని బ్యాటరీ తీసేసి, ఒక్కొక్క వైరుకీ చీటీ కట్టి కలిపాను. పాత చక్రమే ఉంచుకోవాలని నా కోరిక, ఆ గుర్రం బొమ్మ ఉన్నది. కానీ కొత్త కాలమ్ పై కొసకి జనరల్ మోటార్స్ కొలత పళ్లు, ఫోర్డు చక్రం వాటి మీద కూర్చోదు. అడాప్టర్ కావాలి. దాని మందం మేరకి చక్రం ఇంకాస్త దగ్గరికొస్తుంది కాబట్టి నాలాంటి వాళ్లు పల్చటిది చూసుకోవాలి.

ఇవాళ ముందు చక్రాలు జాకీ మీద లేపి పరీక్ష చేస్తున్నాం. ఈ చివరి నుంచి ఆ చివరికి, టిల్ట్ ఒక్కొక్క మెట్టులో పెట్టి తిప్పి చూడాలి. ఎక్కడా వైరు లాగకూడదు, షాఫ్టు సైలెన్సర్ గొట్టానికి తగలకూడదు. ఆ చప్పుళ్లే మీరు విన్నవి.

అన్నయ్యగారు తన పాత షెవీ ట్రక్కుకి జంక్‌యార్డులో టిల్ట్ కాలమ్ చూశారటగా? మంచి ఆలోచనే, ఆ పాత జనరల్ మోటార్స్ కాలమ్‌లు గట్టివి. కొనేముందు చక్రం రెండు చేతులతో పట్టుకుని కిందికీ మీదికీ ఊపి చూడమనండి. తల మొత్తం కదిలితే లోపలి నాలుగు బోల్టులు వదులైనట్టు. అవి బిగించవచ్చు, కానీ కాలమ్ దాదాపు సగం విప్పాలి. తిప్పేటప్పుడు టక్‌మని శబ్దం వస్తే కీలులో ఉండే ప్లాస్టిక్ గోళం అరిగినట్టు, అది మార్చుకోవాలి. కాలమ్ ముడతలు పడిందో, పొట్టిగా అయిందో కూడా చూడమనండి. అది ఒకసారి గుద్దుకుని ముడుచుకున్న కాలమ్ అయితే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.