కుడి కాలికి ఎడమ చేతి కర్ర

తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ చేసిన రోజే నడిపిస్తారని మన వాళ్ళందరూ చెబుతుంటారు. ఆ మాట నిజమే. 2023 అక్టోబరులో అమ్మకు కుడి తుంటి కీలు మార్చారు. ఆ సాయంత్రమే వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసింది. మర్నాడు ఇంటికి పంపేశారు. మేము తెనాలికి ఫోన్లు చేసి, "అమ్మ నడిచేసింది" అని బంధువులందరికీ చెప్పుకుని మురిసిపోయాం.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. అరిగిన కీలు మార్చడానికి రెండు గంటలు కూడా పట్టలేదు. దాన్ని కదిలించే కండరాలు బలపడటానికి మాత్రం దాదాపు ఏడాది పట్టింది. నొప్పికి భయపడి ఎన్నో ఏళ్ళు ఆ కాలిమీద బరువు వెయ్యకపోవడంతో కండరాలు ముందే చిక్కిపోయాయి. దానికి తోడు ఆపరేషన్.

అమ్మ నడిస్తే నడుము ఒక పక్కకు ఒరిగిపోయేది. తుంటికి వెలుపలి వైపున్న గ్లూటియస్ మీడియస్ అనే కండరం బలహీనపడితే ఇలా అవుతుందట. ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ సర్జన్ 1895లోనే దీన్ని వివరించాడు. ఒంటికాలిమీద నిలబడినప్పుడు నడుము వాలిపోకుండా లాగి పట్టేది ఆ కండరమే. అది కీలుకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి చాలా గట్టిగా లాగాలి. అందుకే ఆ క్షణంలో కీలుమీద ఒంటి బరువుకు సుమారు రెండున్నర రెట్ల భారం పడుతుంది.

కుడి కాలికి ఆపరేషన్ అయితే కర్ర ఎడమ చేత్తో పట్టుకోమంటే అమ్మకు నచ్చలేదు. "ఇదేం విడ్డూరం!" అంది. ఇంజనీరింగు చదివిన వాళ్ళం కదా, కాగితంమీద బొమ్మ గీసి చూపించాం. ఏతానికి మొన ఎంత పొడవుంటే అంత తక్కువ బలం చాలుతుంది. ఎడమ చేతిలోని కర్ర కుడి కీలుకు దూరంగా ఉంటుంది కనుక కొంచెం ఊతమిచ్చినా ఆ కండరానికి ఎంతో శ్రమ తగ్గుతుంది. ఏతం అనగానే అమ్మకు అర్థమైపోయింది.

ఆరు వారాలకు వాకర్ వదిలి కర్ర పట్టుకుంది. ఎనిమిదో వారంలో ఫ్లూ వచ్చి పది రోజులు మంచం ఎక్కింది. లేచేసరికి కాలు మళ్ళీ మొదటికొచ్చింది. వాకర్ బయటికి తీశాం. "ఇంక నావల్ల కాదురా, నన్ను మన ఊరు పంపించెయ్యండి" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎక్స్‌రే తీస్తే కీలు చక్కగా ఉంది. పెద్దవాళ్ళు కొద్ది రోజులు మంచంమీద ఉన్నా కండ త్వరగా కరిగిపోతుందని, మళ్ళీ వస్తుందని ఫిజియోథెరపిస్టు ధైర్యం చెప్పింది.

వంటింటి గట్టు పట్టుకుని కాలు పక్కకు ఎత్తడం, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడం, రోజూ ఇవే వ్యాయామాలు. లెక్కపెట్టే బాధ్యత మన తెలుగు బడిలో రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయిది. అది "పంతొమ్మిది" దగ్గర తడబడితే నాయనమ్మ కాలు గాల్లోనే ఆపి సరిదిద్దేది. ఇద్దరికీ మేలే జరిగింది! మార్చిలో ఉత్సాహం ఎక్కువై మెట్లు పదేపదే ఎక్కడంతో తుంటి పక్కన నొప్పి వచ్చి, మళ్ళీ వారం రోజులు వ్యాయామం తగ్గించాల్సి వచ్చింది. ఈసారి మాత్రం అమ్మ ఊరి మాట ఎత్తలేదు. "తగ్గాక మళ్ళీ మొదలెడదాంలే" అంది.

మీ ఇళ్ళలోనూ పెద్దవాళ్ళకు ఈ ఆపరేషన్ జరగవచ్చు. పిక్క వాచినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి రసి కారినా, ఉన్నట్టుండి కాలు మోపలేకపోయినా వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యండి. అలాంటివేమీ లేకుండా కాస్త వెనకబడితే మాత్రం కంగారు పడకండి, వాళ్ళను పడనివ్వకండి. ఆపరేషన్‌కు ముందే రోజులు లెక్కపెట్టి, ఫలానా పండగకల్లా నడిచేస్తారని మాట ఇవ్వకండి.

ఇప్పుడు అమ్మ ఇంట్లో కర్ర లేకుండా తిరుగుతోంది. ఆదివారం బడి మెట్లు ఎక్కేటప్పుడు ఎడమ కాలు ముందు, దిగేటప్పుడు కుడి కాలు ముందు. తొందరలో మరిచిపోతే వెనకనుంచి మనవరాలు గుర్తుచేస్తుంది, తెలుగులోనే.